రెండో దెబ్బ

1936 ఎండాకాలం. ఒక మంగళవారం, ఎండ నడినెత్తికి వచ్చే వేళకు కరియమ్మ పావగడలో లక్ష్మీనరసింహ అయివారి ఇంటి ముందుకొచ్చి నిలబడింది. మంగళవాడ పక్కన గొర్రెల కాపరులుండే గొల్లహట్టి ఆమెది. తెల్లారకముందే బయలుదేరి నడిచి వచ్చింది. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు గానీ చూడడానికి నలభై దాటిన మనిషిలా ఉంది. అర్జీలు రాసే అయివారి ఇల్లు ఇదేనని పేటలో ఎవరో చూపించారు.

అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే కొంగుముడి విప్పి, నాలుగు మడతల కాగితం ఒకటి చేతికిచ్చింది.

"దీన్ని చదవండి అయివారూ. మా ఊరి లెక్కలు రాసే శానుభోగులు చదివి చెప్పినారు గానీ నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆయప్ప తప్పు చదివినాడేమో."

అయివారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. బెంగళూరు జైలు నుంచి వచ్చిన కాగితం. బావ హొన్నూరప్పను చంపిన నేరానికి కాటయ్యకు పడిన ఉరిశిక్షను పైకోర్టు ఖాయం చేసింది. వచ్చే సోమవారం ఉదయం అమలు. బంధువులు ఆఖరి చూపు చూడదలిస్తే శనివారం సాయంత్రం లోపల రావాలి.

శానుభోగులు తప్పు చదవలేదు.

"కాటయ్య నీకేమవుతాడమ్మా?"

"తమ్ముడు. అమ్మ చచ్చిపోయినప్పుడు వానికి రెండేండ్లు. నేనే సాకినా."

"మరి ఈ హొన్నూరప్ప?"

"నా మొగుడు," అంది కరియమ్మ.

అయివారు కాగితాన్ని మళ్ళీ మడిచారు. ఆమే అంది: "మన రాజ్యం ఏలే మహారాజుకు రాస్తే ఉరి తప్పిస్తారంట గదా. రాయండి. మీ చేతిరాత బాగుంటాదని చెప్పినారు."

చేతిరాతే కాదు, రాత కూడా బాగుంటుందని అయివారికి పేరు. పావగడ స్కూల్లో ముప్పై ఏళ్ళు పెద్ద తరగతులకు కన్నడం చెప్పి, మూడేళ్ళ కిందట పెన్షన్ పుచ్చుకున్నారు. వ్యాసం రాయడం నేర్పించాలంటే ఆయన తరవాతే ఎవరైనా అని తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్లు కూడా అనేవాళ్ళు. ఎత్తుగడ గంభీరంగా ఉండాలి, మధ్యలో మూడు కారణాలు చూపాలి, ముగింపు మనసు కరిగించాలి. పిల్లలకు అదే నేర్పారు. ఊరికి బావి కావాలన్నా, బడికి పైకప్పు కావాలన్నా అదే పద్ధతిలో అర్జీలు రాసిచ్చారు. కొన్నిటికి జవాబు వచ్చింది, చాలావాటికి రాలేదు. రాకపోతే ఎవరూ చచ్చిపోలేదు.

ఆయన భార్య సుబ్బక్క కరియమ్మను లోపలికి తీసుకుపోయి మజ్జిగ ఇచ్చింది. అయివారు అరుగు మీద పలక పెట్టుకుని రాయడానికి కూర్చున్నారు. సాయంత్రానికి నాలుగు పుటలు నిండాయి. మొదటి పుటంతా ప్రభువుల బిరుదులు, వారి కరుణ, ధర్మం. రెండో దాంట్లో క్షమ ఎంత గొప్పదో చెప్పే శ్లోకాలు మూడు. తరవాత అక్క కన్నీళ్ళు, తల్లిలేని తమ్ముడు, పశువులు కాసుకునే అమాయకత్వం. ఒకసారి పైకి చదువుకున్నారు. చాలా బాగా వచ్చిందనుకున్నారు.

బుధవారం పొద్దున ఆ కాగితాలను సిద్దప్పకు చూపించారు. వెనక వీధిలో ఉండే సిద్దప్ప మధుగిరి కోర్టులో ఇరవై ఏళ్ళు నకళ్ళు రాసిన గుమాస్తా. మోకాళ్ళు పట్టేసి ఇల్లు కదలడు. అయివారు చదువుతుంటే కళ్ళు మూసుకుని విన్నాడు. అంతా అయ్యాక కూడా కళ్ళు తెరవలేదు.

"ఎట్లుండాది?" అన్నారు అయివారు.

"కోపం చేసుకోవద్దండి. దీంతో ఆ పిల్లోడు బతకడు."

అయివారి ముఖం మాడిపోయింది.

"మహారాజు దీన్ని మొదట చదవరండీ. ఒక సెక్రెటరీ చదువుతాడు. ఆయన బల్ల మీద ఇట్లాంటివి నలభై ఉంటాయి. నలభైట్లోనూ ప్రభువులు కరుణాసముద్రులే, నలభైట్లోనూ ఏడ్చే ఆడది ఒకటి ఉంటాది. ఆయనకు ఏడుపుతో పని లేదు. జడ్జికి తెలియని సంగతి ఇందులో ఒకటన్నా ఉండాదా అని చూస్తాడు. ఉంటే ఆగుతాడు. లేకుంటే పక్కన పెడతాడు. జడ్జిమెంటు ఉండాదా మీ దగ్గర?"

ఉంది. వకీలు ఇచ్చిన ఇంగ్లీషు కాగితాలను కరియమ్మ ఒక్కటి కూడా పారేయకుండా గుడ్డలో చుట్టి తెచ్చింది. సిద్దప్ప వాటిని తిరగేసి, ఒక చోట వేలు పెట్టాడు.

"ఇదిగో, ఉరి ఈడ పడింది. పెండ్లిలో పెట్టిన గొర్రెల గురించి బావా బావమరదికి తగాదా ఉండాదని సాక్షులు చెప్పినారు. ముద్దాయి నోరు తెరవలేదు. అక్కను పిలిచి, నీ మొగుడు ఎట్లాంటోడని అడిగితే, మంచోడు, నన్నెప్పుడూ కొట్టలేదని ప్రమాణం చేసి చెప్పింది. అంతకంటే పెద్దది ఇంకోటి. మొదటి దెబ్బకే హొన్నూరప్ప కింద పడిపోయినాడు. పడిపోయినోన్ని కాటయ్య కొడవలితో మళ్ళా నరికినాడు. 'ఆ రెండో దెబ్బ ఆవేశం కాదు, చంపాలన్న నిశ్చయం' అని రాసినాడు జడ్జి. మీ నాలుగు పుటల్లో ఆ రెండో దెబ్బ యాడుండాది?"

"అది మనకు చేటు చేసే మాట కదా సిద్దప్పా. ఎందుకని వదిలేసినాను."

"మీరు వదిలేస్తే ఆయన వదలడు. మనం ఏది దాస్తామో ఆయన మొదట దాన్నే చూస్తాడు."

అయివారు ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నారు. ముప్పై ఏళ్ళుగా తను నేర్పిన విద్య ఒక మనిషి ప్రాణం దగ్గరికి వచ్చేసరికి ఇలా ఒట్టిదైపోయిందేమని కుమిలిపోయారు. సోమవారానికి ఇంక ఐదు రోజులు. బెంగళూరు చేరడానికే ఒక పూటా ఒక రాత్రీ పడుతుంది. కాసేపటికి కరియమ్మను పిలిచారు. సుబ్బక్క కూడా వచ్చి కూర్చుంది.

"కోర్టులో నువ్వు చెప్పింది నిజమేనా తల్లీ? హొన్నూరప్ప నిన్నెప్పుడూ కొట్టలేదా?"

కరియమ్మ తల వంచుకుంది.

"కోర్టులో చెప్పిందే చెప్పినా."

"అది నిజమైతే నేను రాసేదానికి ఏమీ లేదు. నీ తమ్ముడు ఊరికే ఒక మనిషిని నరికినాడని అర్థం. నువ్వు శనివారం పోయి వాన్ని చూసి రా."

ఆ మాట అన్నందుకు సుబ్బక్క భర్త వంక కోపంగా చూసింది. కరియమ్మ మాత్రం ఏడవలేదు. నేల మీద గోటితో గీస్తూ మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

హొన్నూరప్ప తాగితే మనిషి కాదు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టాక మరీ ఎక్కువైంది. పోయిన ఏడు శ్రావణంలో ఒకనాడు ఆమెను గొర్రెల దొడ్డిలో గుంజకు కట్టేసి కర్రతో కొట్టాడు. అక్కను చూసిపోదామని వచ్చిన కాటయ్య దొడ్డిలోకి రావడం, కొమ్మలు నరికే కొడవలితో కొట్టడం, అన్నీ రెప్పపాటులో అయిపోయాయి. తరవాత హట్టి పెద్దలు కూర్చున్నారు. ఇంటి గుట్టు కోర్టులో పెడితే నిన్నూ పిల్లల్నీ హట్టిలో ఉండనియ్యమన్నారు. నోరు మూసుకుంటే అత్త ఓబమ్మ ఇంట్లోనే ఉండొచ్చన్నారు. కాటయ్య కూడా పోలీసులు తీసుకుపోయేటప్పుడు ఆమెతో ఒకటే మాట అన్నాడు: "అక్కా, నువ్వేమీ చెప్పద్దు. పిల్లల్ని చూసుకో."

"ఉరి ఏస్తారని అనుకోలేదయివారూ. రెండేండ్లో మూడేండ్లో జైల్లో పెట్టి పంపిస్తారని అనుకుంటిమి."

"రెండో దెబ్బ ఎందుకు కొట్టినాడు?"

"నాకు తెలీదు. నా మొగం గుంజ తట్టుకు ఉండె. నేను చూడలేదు."

"ఇప్పుడు ఇదంతా రాస్తే కోర్టులో అబద్ధం చెప్పినట్టు నువ్వే ఒప్పుకున్నట్టు. దానికి నీకూ శిక్ష పడొచ్చు. హట్టిలో ఇల్లూ పోతాది."

"రాయండి."

ఆ మధ్యాహ్నం రాసిన అర్జీకి శ్లోకాలు లేవు. బిరుదులు ఒక్క వరుసలో అయిపోయాయి. మొదటి వాక్యం: "నా తమ్ముడు కాటయ్య నా భర్త హొన్నూరప్పను చంపిన మాట నిజం." రెండో వాక్యం: "నేను కోర్టులో ప్రమాణం చేసి అబద్ధం చెప్పిన మాట కూడా నిజం." తరవాత జరిగింది జరిగినట్టు. రెండో దెబ్బ దగ్గరికి వచ్చేసరికి అయివారి చెయ్యి ఆగిపోయింది. చివరికి, "పడిపోయిన మనిషిని మళ్ళీ ఎందుకు కొట్టాడో నాకు తెలియదు, నా ముఖం గుంజ వైపు ఉంది" అని రాశారు.

కరియమ్మ అంతా విని ఒక మాట చేర్చమంది.

"మా మొగుడు తాగనప్పుడు మంచోడే. గొర్రెకు రోగమొస్తే తిండి మాని దాని కాడే కూసుంటాండె. అది కూడా రాయండి."

"అది ఎందుకమ్మా?"

"అదీ నిజమే గదా."

అయివారు ఆమె ముఖంలోకి చూసి, ఆ మాట కూడా రాశారు.

సిద్దప్ప ఈసారి కళ్ళు తెరిచే విన్నాడు. "ఇది పనికొస్తాది. కానీ ఆఖర్లో విడుదల చెయ్యమని అడగద్దండి. ఇయ్యగలిగింది అడగల్ల. ఉరి తీసేసి బతికుండే శిక్ష ఏదైనా వెయ్యమనండి, చాలు," అన్నాడు. అయినా తల అడ్డంగా ఊపాడు. "ఆ రెండో దెబ్బ మాత్రం అట్లే ఉండిపోయింది. దాన్ని చూసినోళ్ళు ఎవరూ లేరా?"

ఒకరున్నారు. హొన్నూరప్పను కన్న తల్లి, ఓబమ్మ.

గురువారం అయివారూ కరియమ్మా బాడుగ బండిలో హట్టికి పోయారు. దారంతా కరియమ్మ ఒకటే మాట. "ఆమెను అడగద్దండి అయివారూ. కన్నపేగు తెగినామె. నేను ఏ మొగం పెట్టుకొని అడిగేది?" అయివారికి కూడా లోపల అదే బెదురు. అయినా బండిని వెనక్కి తిప్పమనలేదు.

ఓబమ్మ తుమ్మచెట్టు నీడలో కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతోంది. కరియమ్మ పిల్లలిద్దరూ ఆమె పక్కనే ఉన్నారు. కోడలిని చూసి ఓబమ్మ పలకరించలేదు. అయివారిని చూసి కదురు ఆపలేదు.

"ఏమిటికొచ్చినారో తెలుసులే. నా కొడుకును నరికినోని కోసం నా వాకిట్లోకే వచ్చినారా?"

"నిన్నేమీ అడిగేదానికి రాలేదవ్వా," అన్నారు అయివారు. దారిలో అనుకున్న మాటలన్నీ ఆ క్షణాన ఆయన మరిచిపోయారు. "నీ కొడుకు గురించి ఒక కాగితం రాసినాను. అది మహారాజు దాకా పోతాది. నీకు తెలీకుండా పంపడం నాకు న్యాయంగా తోచలేదు. వింటే చదువుతాను. వద్దంటే పోతాను."

ఓబమ్మ వద్దనలేదు, సరేననలేదు. అయివారు కిందనే కూర్చుని, కన్నడంలో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటూ చదివారు. హట్టి మగవాళ్ళు నలుగురు దూరంగా నిలబడ్డారు. "నా తమ్ముడు నా భర్తను చంపిన మాట నిజం" అన్నప్పుడు ఓబమ్మ పెదవి బిగిసింది. గొర్రెకు రోగమొస్తే హొన్నూరప్ప తిండి మాని దాని దగ్గరే కూర్చునేవాడన్న మాట దగ్గర కదురు ఆగిపోయింది.

"అది ఎవరు రాయమనిరి?"

"నీ కోడలే."

ఓబమ్మ మొదటిసారి కరియమ్మ వైపు చూసింది. అయివారు మిగతాది చదివారు. గుంజకు కట్టేయడం, కర్రతో కొట్టడం, కాటయ్య రావడం. "పడిపోయిన మనిషిని మళ్ళీ ఎందుకు కొట్టాడో నాకు తెలియదు."

చదవడం అయిపోయింది. ఓబమ్మ అంది:

"తప్పు రాసినారు."

అయివారు కాగితంలోంచి తలెత్తారు. "ఏది తప్పవ్వా?"

"కర్ర కాదు."

"అత్తా, వద్దు," అంది కరియమ్మ.

"నువ్వుండు. కర్ర కాదు అయివారూ. ఇనుప కడ్డీ. గొర్రెలకు వాత పెట్టేది. నా పొయ్యిలోనే ఎర్రగా కాల్చినాడు. నేను పొయ్యి కాడే ఉంటి. వద్దురా నాయనా అంటి. నన్ను నెట్టేసి పాయ. దీని ఈపు మీద మూడు వాతలు పెట్టినాడు. నేను ఎనకాలే పోయి దొడ్డి వాకిట్లో నిలబడితి. ఎంత నెట్టినా కాళ్ళు లోపలికి పోలేదు." ఆమె గొంతు తడబడలేదు. ఆ తడబాటు లేకపోవడమే అయివారికి వినలేని బాధ అయింది. "కాటయ్య వచ్చి ఒక ఏటు ఏసినాడు. వీడు పడినాడు. పడినా కడ్డీ ఇడవలేదు. పండుకొనే చెయ్యి సాపి, దీని కాలికి పెట్టబోయినాడు. 'ఇడువు బావా, ఇడువు' అని వాడు రెండు మార్లు అరిసినాడు. ఈడు ఇడవలేదు. అప్పుడు కొట్టినాడు."

దూరంగా ఉన్న మగవాళ్ళలో హట్టి పెద్ద ముందుకొచ్చాడు. "ఏమవ్వా, చచ్చినోని పరువు తీస్తాండావా? కన్నకొడుకు గదా!"

"నా కొడుకని నాకు నువ్వు చెప్పల్లనా?" అంది ఓబమ్మ. ఆ తరవాతే ఆమె ఏడ్చింది. కదురు ఒళ్ళో పెట్టుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ, చాలాసేపు ఏడ్చింది. కరియమ్మ దగ్గరకు పోవాలా వద్దా అని తెలియక నాలుగడుగుల దూరంలో నిలబడిపోయింది. చిన్నపిల్ల పోయి అవ్వ మోకాలు పట్టుకుంది.

అయివారు ఆ నీడలోనే కూర్చుని కాగితం మళ్ళీ రాశారు. ఓబమ్మ మాటలను ఆమె చెప్పిన వరుసలోనే పెట్టారు. ఒక్క విశేషణం కూడా చేర్చడానికి ఆయనకు మనసు రాలేదు. కరియమ్మ వేలిముద్ర వేసింది.

"నాది యాడ ఎయ్యల్ల?" అంది ఓబమ్మ.

శుక్రవారం పొద్దున పావగడ ఆసుపత్రిలో డాక్టరు కరియమ్మ వీపు చూసి సర్టిఫికెట్ రాసిచ్చాడు. మూడు కాలిన మచ్చలు, ఒక్కొక్కటి జానెడు పొడవు, ఒకదాని కింద ఒకటి, ఏడాది లోపలివి. తోడుగా లోపలికి పోయిన సుబ్బక్క బయటికి వచ్చి మాట్లాడలేకపోయింది. కర్ర అని ఎందుకు చెప్పావని అయివారు అడగలేదు. కరియమ్మే చెప్పింది: "చచ్చినోని మీద అంత మాట నా నోటితో ఎట్ల చెప్పేది?"

ఆ మధ్యాహ్నమే బస్సులో హిందూపురం పోయి, రైలు పట్టుకుని, శనివారం పొద్దుటికి బెంగళూరులో దిగారు.

మహారాజు సెక్రెటరీ కచేరీ వరండాలో గుమాస్తా కాగితం చివర మాత్రమే చూసి తిరిగి ఇచ్చేశాడు. ఇలాంటివి మొదట తాలూకా అమల్దారుకు ఇవ్వాలి, ఆయన జిల్లాకు పంపుతాడు, జిల్లా నుంచి ఇక్కడికి రావాలి. అయివారు సోమవారం సంగతి చెప్పారు. గుమాస్తా తన చేతిలో ఏమీ లేదన్నట్టు చేతులు తిప్పాడు. శనివారం కచేరీ ఒంటిగంటకు మూసేస్తారు. సెక్రెటరీ బయటికి వచ్చేదాకా ఉంటే మీ అదృష్టం అన్నాడు.

వరండాలో గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. అప్పుడు అయివారికి తట్టింది, జైల్లో ఆఖరి చూపుకు కూడా ఈరోజే గడువని. జైలు ఊరికి అటు పక్క. ఇక్కడ ఒంటిగంట దాకా కూర్చుంటే, ఆ తరవాత ఏం ఆలస్యమవుతుందో ఎవరు చెప్పగలరు?

"నువ్వు పోయి తమ్మున్ని చూసి రామ్మా. నేను ఈడ ఉంటాను. ఇది జరుగుతాదో లేదో. రేపు నువ్వు నన్ను తిట్టుకోకూడదు."

కరియమ్మ గడియారం వంక చూసింది. ముళ్ళు చదవడం ఆమెకు రాదు. "నేను పోతే వాన్ని చూసినట్టు ఉంటాది. నేనుంటే వాడు బతికినట్టు అవుతాదా?"

"చెప్పలేనమ్మా."

ఆమె గోడ వారగా కింద కూర్చుంది. మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. మధ్యలో రెండుసార్లు లేచి మెట్ల దాకా పోయింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. మూడోసారి లేచి, "వాడు నా కోసం తలుపు దిక్కే చూస్తాంటాడు" అంది. అయినా పోలేదు. అయివారు ఆమె వైపు చూడలేక, చేతిలోని కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నారు. ఎక్కడ ఏ మాట ఎక్కువైంది, ఏది తక్కువైంది? ఒక్క మాట తప్పితే ఒక ప్రాణం. ఆయన బడిలో ఎన్ని వందల వ్యాసాలకు మార్కులు వేశారో, వాటిలో ఒక్కటి కూడా ఆయనకు గుర్తు రాలేదు.

ఒంటిగంటకు పది నిమిషాలుండగా ఒక పెద్దమనిషి తలపాగా సర్దుకుంటూ బయటికి వచ్చాడు. బిళ్ళబంట్రోతు పక్కకు జరగమన్నా అయివారు జరగలేదు. రెండు చేతులతో కాగితం చాచి, కన్నడంలో ఒక్క వాక్యం చెప్పారు: "సోమవారం పొద్దున ఒక మనిషికి ఉరి పడుతుంది, అతని చేతిలో చచ్చిపోయినవాడి తల్లి ఇందులో వేలిముద్ర వేసింది."

సెక్రెటరీ ఆగాడు. "ఎవరి తల్లి?"

"చచ్చిపోయినవాడి తల్లి."

ఆయన నిలబడే చదివాడు. మొదటి పుట గబగబా చదివి, రెండో పుటలో ఒకచోట ఆగి, మళ్ళీ పైకి పోయి చదివాడు. డాక్టరు సర్టిఫికెట్ చూశాడు. తరవాత కరియమ్మ వైపు తిరిగాడు.

"కోర్టులో దేవుని మీద ప్రమాణం చేసి అబద్ధం చెప్పావు. ఇప్పుడు చెప్పేది నిజమని నేనెందుకు నమ్మాలి?"

కన్నడం ఆమెకు బాగానే అర్థమవుతుంది. కానీ ఆ వేళకు నోటికి వచ్చింది తెలుగే. "అప్పుడు అబద్ధం చెప్తే ఇల్లు ఉంటాదనిరి స్వామీ, చెప్తి. ఇప్పుడు నిజం చెప్తే ఇల్లు పోతాది, జైలు వస్తాదంటాండారు. అయినా చెప్తాండా. ఇంకేం చెప్పల్ల నేను?"

అయివారు కన్నడంలో చెప్పబోతే సెక్రెటరీ చెయ్యి అడ్డం పెట్టాడు. అర్థమైందన్నట్టు తల ఊపాడు. కాగితాలు తీసుకుని తిరిగి లోపలికి పోయాడు. పోతూ పోతూ, "చూస్తాం," అన్నాడు. అంతే.

లోపలి నుంచి పిలుపు వస్తుందేమోనని గుమాస్తా వాళ్ళను పొద్దు వాలేదాకా కూర్చోబెట్టాడు. జైలుకు చేరేసరికి లోపలికి పంపే వేళ దాటిపోయింది. ఆదివారం ఎవరినీ పంపరు. ఆ రోజంతా ఇద్దరూ జైలు గోడ ఎదురుగా చెట్టు కింద కూర్చున్నారు. అయివారు పళ్ళు కొనుక్కొస్తే ఆమె ముట్టుకోలేదు. లోపలికి పోయే ప్రతి మనిషి చేతుల వంక చూసింది, కాగితమేమన్నా ఉందేమోనని. సాయంత్రానికి ఆమె చూపు గేటు మీద నిలవడం మానేసింది.

"అయివారూ, నేను పోయి చూసి వచ్చుంటే బాగుండేది గదా?"

ఆయన పళ్ళను ఆమె పక్కకు జరిపారు.

సోమవారం పొద్దున వాళ్ళు గేటు దగ్గర నిలబడ్డారు. సూర్యుడు పైకి వచ్చాడు. ఉరి తీసేది ఏ వేళకో ఎవరూ చెప్పరు. లోపల గంట కొట్టిన ప్రతిసారీ కరియమ్మ రెండు చెవులూ మూసుకుంది. అయివారు పైకి కనబడనీయకుండా లోలోపల లెక్కలేనన్నిసార్లు దేవుణ్ణి పిలిచారు.

బాగా పొద్దెక్కాక ఒక జవాను బయటికి వచ్చి, "కాటయ్య మనుషులెవరు?" అని అడిగాడు. కరియమ్మ అతని చేతుల వంక చూసింది. అయివారు చెయ్యెత్తారు.

"నిన్న చీకటి పడేముందు తాఖీదు వచ్చింది. ఉరి నిలిపేశారు. ఇంక మీరు ఊరికి పోవచ్చు."

కరియమ్మ అక్కడే నేల మీద కూలబడిపోయింది. అరవై ఏళ్ళ అయివారు వీధిలో అందరూ చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చారు.

నెలన్నర తరవాత ఉరికి బదులు యావజ్జీవ శిక్ష అన్న ఉత్తర్వు వచ్చింది. కోర్టులో అబద్ధం చెప్పినందుకు అమల్దారు కరియమ్మను పిలిపించి విచారించాడు, గట్టిగా మందలించి పంపేశాడు. హట్టి పెద్దలు మాత్రం మాట నిలబెట్టుకున్నారు. ఆమె హట్టిలో ఉండకూడదన్నారు. వాళ్ళు అనుకోనిది ఒకటి జరిగింది. కోడలి వెంట ఓబమ్మ కూడా గొర్రెలు తోలుకుని, మనవరాళ్ళను తీసుకుని బయటికి వచ్చేసింది. అదే తాలూకాలోని అరసికెరె దగ్గర బీడులో గుడిసె వేసుకున్నారు. అత్తాకోడళ్ళ మధ్య మాటలు తక్కువే. ఉన్న నాలుగు మాటలూ గొర్రెల గురించే.

కార్తీకంలో కరియమ్మ బెంగళూరు పోయి తమ్ముణ్ణి చూసింది. కటకటాల అవతల కాటయ్య తల గొరిగించుకుని, ఎముకల గూడులా ఉన్నాడు. అక్కను చూసి నవ్వలేదు.

"ఎందుకు చెప్పినావక్కా? ఏమీ చెప్పద్దని చెప్పి పోతి గదా. నీ ఈపు కచేరీ అంతా చూసినారంట గదా."

"చూడనీ."

"వాత కడ్డీ సంగతి నువ్వే చెప్పినావా?"

"లేదు. నేను కర్ర అనే చెప్పింటి. మా అత్త చెప్పింది. రెండో దెబ్బ గురించి కూడా ఆమే చెప్పింది. ఏలిముద్ర కూడా ఏసింది."

కాటయ్య కటకటాలను పట్టుకున్నాడు.

"కోర్టులో దినామూ ఆమె నా ఎదురుగా కూసుంటాండె," అన్నాడు. "జడ్జి అడిగినాడు, ఎందుకు మళ్ళా కొట్టినావని. నాలిక చివరిదాకా వచ్చింది. తల్లి ముందర కొడుకు గురించి ఎట్ల చెప్పేదక్కా? చచ్చిపోయినా మేలే అనుకుంటి."

కరియమ్మ కటకటాల్లోంచి వేళ్ళు పెట్టి అతని వేళ్ళను పట్టుకుంది. వేళ అయిపోయిందని జవాను అరిచాడు.

"ఆమె ఎట్లుండాది?" అడిగాడు కాటయ్య.

"బాగుండాది. గొర్రెలు కాస్తాంది. పిల్లల్ని చూసుకుంటాంది."

"నేను అడిగినానని చెప్పు," అన్నాడు కాటయ్య. జవాను భుజం మీద చెయ్యి వేసేసరికి వెనక్కి తిరిగి, లోపలికి నడిచాడు.